మూడు మిల్లీమీటర్ల సందు

ధర్మారం దాటి డెబ్బై అందుకుంటె
స్టీరింగు చేతులకెల్లి గుంజుకపోతాందన్నడు యాకయ్య.
అరవైల మంచిగనే ఉంటదట.
తొంభై దాటితె మల్ల సప్పుడు చెయ్యదట.
ఆ నడిమిట్లనే
బండికి చలిజ్వరం.

పక్క సీట్ల మొగిలయ్య.
వారానికి మూడుసార్లు నర్సంపేట నుంచి ఎంజీఎంకు,
నెత్తురు కడిగిచ్చుకోను.
ఎడమచెయ్యి ఒళ్లె పెట్టుకొని కూసున్నడు,
నిద్రపోయిన పిల్లికూనను పట్టుకున్నట్టు.
దిగకుంటనే చెప్పిండు:
"ముందల, ఎడమదిక్కుది. నా అరికాలుకు తెలుస్తాంది."

జాకీ లేపిన. చక్రం ఊడదీసిన.
లోపట బిళ్లలు అంటిచ్చిన జాగల
బంక ఉన్నది, బిళ్లలు లెవ్వు.
బ్రేకు క్యాలిపర్ వీపు మీద తెల్లటి గీత,
ఎవలో గోరుతోటి గీకినట్టు.
కిందటి దుకాణపాయన తప్పేం చెయ్యలె,
మిషన్ చూపిన కాడ చూపినంత పెట్టిండు.
మిషన్‌కు క్యాలిపర్ సంగతి ఎర్కలేదు.
అది చక్రాన్ని ఒక్కదాన్నే తిప్పి చూస్తది,
ఇంట్ల ఇంకెవ్వలు లేనట్టు.

పక్క హోటల్ల సాబెరాబీ పరోటాల పిండి పిసుకుతాంది.
గోలికాయంత అడిగిన.
"పచ్చిదే తింటవా?"
"నాకు గాదు, చక్రానికి."
రిమ్ము లోపట అంటిచ్చి, బోల్టులు బిగిచ్చి,
చేతితోటి నిమ్మలంగ ఒక్క చుట్టు.
మల్ల ఊడదీస్తె ముద్ద సదునై ఉన్నది.
స్కేలు పెట్టిన. మూడు మిల్లీమీటర్లు.
నా దగ్గరున్న సీసపు బిళ్ల మందం నాలుగున్నర.

కాశిబుగ్గల ఇరవై ఏండ్లాయె ఈ పని.
బరువుతోటి లొల్లి లేదు.
అది ఎత్తు లేస్తెనే లొల్లి.

ఈ చక్రానికి ఐదు పుల్లలు,
ఒక్కో పుల్ల ఎనుక బొటనవేలు పట్టేంత గుంత.
మిషన్ నలభై గ్రాములు అడిగిన జాగ
రెండు పుల్లల నడిమిట్ల పడ్డది.
ఇటొక ఇరవై, అటొక ఇరవై పెడ్తె సాలది.
అడిగిన కాడికెల్లి జరిపితె బరువు బలం తగ్గుతది,
గుంతల దాస్తె ఇంకింత తగ్గుతది.
ముప్పై. ముప్పై.
పాత బంక పెట్రోలు బట్టతోటి తుడిచి,
కొత్త బిళ్లలు గుంతలల్ల అదిమి,
వంద లెక్కవెట్టేదాంక బొటనవేలు తియ్యలె.

తిప్పితె ఐదు చూపిచ్చింది.
ఒక బిళ్ల గోరంత జరిపిన.
సున్నా.

రోడ్డెక్కినం. నేను ఎనుక సీట్ల.
డెబ్బై. డెబ్బై ఐదు. ఎనభై.
యాకయ్య ఒక చెయ్యి ఇడిసిపెట్టిండు, నవ్విండు.
మొగిలయ్య మాత్రం కండ్లు మూసుకొని
కుడిచేతి ఏండ్లు ఎడమ మణికట్టు మీద పెట్టి
ఏదో ఇంటాండు.
నాకు భయమైంది.

"ఇటు పట్టి సూడు" అని చెయ్యి ఎనుకకు సాపిండు.
తోలు కింద, ఉబ్బిన నరంల,
గుర్రుమని ఒక వణుకు,
సీసాల పడ్డ తుమ్మెద లెక్క.

"ఆపరేషన్ చేసి రెండు నరాలు కలిపిండ్రు.
రోజు పట్టి సూడుమన్నరు.
ఇది ఆగిననాడు ఆలస్యం చెయ్యొద్దట.
నెలసంది బండి వణుకుల
నా వణుకు నాకు దొరుకుతలేదు బిడ్డా.
ఆజంజాహి మిల్లుల కదుర్ల కాడ చేసినోన్ని,
ఏ కదురు తప్పు తిరుగుతాందో చెవితోటి పట్టేటోన్ని.
గసొంటోనికి సొంత చెయ్యి తెలుస్తలేదు."

ఏమనాల్నో తెల్వక
బిళ్లలకు నూరేండ్ల గ్యారంటీ ఇచ్చిన.
యాకయ్య రెండువందలు ఇయ్యబోతె నూటయాభై తీసుకున్న.

దుకాణంల బల్ల మీద
ఆ పిండి బిళ్ల అట్లనే ఉన్నది,
క్యాలిపర్ అంచు అచ్చు పడి.
పారెయ్య బుద్ధి కాలె.
పొద్దుగూకంగ చూస్తె చీమలు పట్టినయి,
ఒక దిక్కు నుంచే తింటానయి.